నాతోని అయితదా?

మహబూబాబాద్ జిల్లాలోని కురవి పేరు చెప్పగానే చాలామందికి వీరభద్రస్వామి గుడి, శివరాత్రి జాతర గుర్తుకొస్తాయి. చరిత్ర చదివినవారికి ఇంకొకటి కూడా గుర్తుకొస్తుంది. సుమారు వెయ్యేళ్ల కిందట రాతి మీద చెక్కిన తెలుగు వచనం ఈ ఊళ్లో ఉంది. దానినే కొరవి శాసనం అంటారు. ఆనాటి తెలుగు వచనం ఎలా ఉండేదో తెలిపే పాత ఆధారాలలో అది ఒకటి.

ఆ ఊరి నుంచి, దాని చుట్టూ ఉన్న పల్లెల నుంచి, తండాల నుంచి ఏటా కొందరు విద్యార్థులు పెట్టె సర్దుకుని పైచదువులకు బయలుదేరుతారు. బస్సెక్కితే మానుకోట, అంటే మహబూబాబాద్. అక్కడ రైలెక్కితే కేసముద్రం, నెక్కొండ దాటి వరంగల్. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది కనుక ఈ ప్రాంతం వారికి విశ్వవిద్యాలయం ఇప్పుడు ఒక పూట ప్రయాణంలోనే ఉంది. దూరం పెద్దది కాదు. కాని ఇంట్లో మొట్టమొదటగా విశ్వవిద్యాలయం గడప తొక్కే విద్యార్థికి అది చాలా దూరంగానే కనిపిస్తుంది.

అటువంటి ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. పదో తరగతి దాకా తెలుగులో చదివింది. మంచి మార్కులే తెచ్చుకుంది. విశ్వవిద్యాలయంలో మొదటి వారం భౌతికశాస్త్రం తరగతిలో కూర్చుంది. అధ్యాపకుడు ‘మొమెంటమ్’ అంటున్నారు. అది తాను ‘ద్రవ్యవేగం’ అని చదువుకున్నదే. ఆ సంగతి తెలిసేసరికి నల్లబల్ల నిండిపోయింది. అటూ ఇటూ చూసింది. అందరూ గబగబా రాసుకుంటున్నారు. ఎవరూ ప్రశ్న అడగలేదు. అందరికీ అర్థమైంది, తనకొక్కదానికే కాలేదు అనుకుంది. ఆ రాత్రి హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చేసి, “అమ్మా, ఈ చదువు నాతోని అయితదా?” అని అడిగింది.

ఇదే ప్రశ్న వేసుకున్నవారిలో కొందరు దసరా సెలవులకు ఇంటికి వెళ్లి, తిరిగి వచ్చి చదువు పూర్తిచేస్తారు. కొందరు తిరిగి రారు. ఇద్దరి మార్కులు ఒకటే కావచ్చు, తెలివితేటలూ ఒకటే కావచ్చు. మరి తేడా ఎక్కడ వస్తోంది? దీనిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు దాదాపు యాభై ఏళ్లుగా పరిశీలిస్తున్నారు. వారు తెలుసుకున్న సంగతులు రేపు పైచదువులకు వెళ్లబోయే మీకు ఇవాళే పనికొస్తాయి.

ఇద్దరు ఉపాధ్యాయుల బడి

కెనడాలో ఆల్బర్టా అనే ప్రాంతం ఉంది. అక్కడ మండేర్ అనే చిన్న ఊళ్లో 1925లో ఆల్బర్ట్ బండూరా జన్మించాడు. తల్లిదండ్రులు తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చినవారు. వారికి బడి చదువు లేదు. కాని చదువంటే గౌరవం ఉంది. తండ్రి తనంత తానే మూడు భాషలు చదవడం నేర్చుకున్నాడట. ఊరికంతటికీ ఒకటే బడి. పైతరగతులకు అన్ని పాఠాలూ ఇద్దరు ఉపాధ్యాయులే చెప్పాలి. అందుచేత చాలా పాఠాలు పిల్లలే పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకోవలసి వచ్చేది.

తరువాత బండూరా కళాశాలలో చేరాడు. ఇంజనీరింగు, వైద్యం చదివే మిత్రులతో కలిసి ఒకే బండిలో వెళ్లేవాడు. వారి తరగతులు పొద్దున్నే ఉండేవి. ఆ ఖాళీ గంట వృథా పోకుండా ఏదో ఒకటి చదువుదామని మనస్తత్వ శాస్త్రం తీసుకున్నాడు. అదే ఆయన జీవితమంతటి పని అయింది. 2021లో మరణించేనాటికి ఆయన ప్రపంచంలోని ప్రసిద్ధ మనస్తత్వ శాస్త్రజ్ఞులలో ఒకడు.

1977లో బండూరా ఒక సిద్ధాంతం ప్రకటించాడు. ఒక పని మనం మొదలుపెడతామా, కష్టం వస్తే నిలబడతామా, వదిలేస్తామా అన్నది మన శక్తి మీద మాత్రమే ఆధారపడి ఉండదు. ‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకం మీద కూడా ఆధారపడి ఉంటుంది. దీనిని స్వసామర్థ్య విశ్వాసం అనవచ్చు. మనం తేలికగా ‘చేయగలనన్న నమ్మకం’ అందాం.

ఇది ‘నేను చాలా గొప్పవాణ్ణి’ అనుకోవడం కాదు. ఈ నమ్మకం పనిని బట్టి మారుతుంది. చెరువును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదగలనన్న నమ్మకం ఉన్న అబ్బాయికి వేదిక మీద రెండు మాటలు మాట్లాడగలనన్న నమ్మకం ఉండకపోవచ్చు. బీజగణితం దగ్గర ధైర్యంగా ఉండే అమ్మాయి ఇంగ్లీషు వ్యాసం దగ్గర వెనుకాడవచ్చు.

నమ్మకాన్ని కొలిచేదెలా?

ఉష్ణోగ్రతను కొలవడానికి ఉష్ణమాపకం ఉంది. నమ్మకానికి ఏముంది? బండూరా పద్ధతి చాలా సులభమైనది. ఒక పనిని తేలిక నుంచి కష్టానికి మెట్లుగా విడగొట్టాలి. ఒక్కొక్క మెట్టు దగ్గర ‘దీన్ని చేయగలనని నీకు ఎంత నమ్మకం?’ అని అడగాలి. సున్నా నుంచి 100 వరకు ఒక అంకె చెప్పమనాలి. ఆ తరువాత నిజంగా ఆ పని చేయించి చూడాలి.

పామంటే విపరీతంగా భయపడే కొందరితో ఆయన బృందం ఈ పరీక్ష జరిపింది. విషం లేని ఒక పెద్ద పామును తెచ్చారు. ఒక జట్టువారిని నిపుణుడు దగ్గరుండి నడిపించాడు. ముందు దూరం నుంచి చూడటం, తరువాత చేతికి తొడుగు వేసుకుని తాకడం, ఆ పైన వట్టి చేత్తో పట్టుకోవడం. ఇలా మెల్లగా ముందుకు తీసుకుపోయాడు. రెండవ జట్టువారు ఇంకొకరు పామును పట్టుకోవడం చూశారు. తాము ముట్టుకోలేదు. మూడవ జట్టుకు ఏ శిక్షణా లేదు.

స్వయంగా పట్టుకున్నవారిలో నమ్మకం అందరికంటే ఎక్కువగా పెరిగింది. చూసినవారిలో కొంత పెరిగింది. శిక్షణ లేనివారిలో పెద్దగా మార్పు లేదు. ఇంకో విశేషం కూడా ఉంది. ‘ఇంతవరకు చేయగలను’ అని ఎవరు ఏ మెట్టు చెప్పారో, చాలావరకు ఆ మెట్టు దాకానే వెళ్లగలిగారు. ముందుగా చెప్పిన అంకెను బట్టి తరువాత జరిగేది ఊహించవచ్చునన్నమాట.

పాము భయానికీ పరీక్ష భయానికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. నమ్మకం పుట్టే తీరు రెండింటిలోనూ ఒకటే. అది నాలుగు దారుల్లో వస్తుందని బండూరా చెప్పాడు.

మొదటిది, స్వయంగా చేసి గెలవడం. ఒక కష్టమైన లెక్క మీరే చేస్తే దానివల్ల వచ్చే ధైర్యం వేరు. నాలుగింటిలో ఇదే బలమైనది.

రెండవది, మనలాంటివారు చేయగా చూడటం. ఎక్కడో ఉన్న మేధావి చేస్తే మనకు ధైర్యం రాదు. మన తండా అక్క, మన బడిలోనే చదివిన అన్న చేస్తే వస్తుంది.

మూడవది, మనం నమ్మేవారి మాట. ఉపాధ్యాయుడు మన పని చూసి, తప్పు ఎక్కడుందో చూపి, ‘ఇది దిద్దుకో, నీకు వస్తుంది’ అంటే ఆ మాట పనిచేస్తుంది. ఏమీ చూడకుండా ‘బాగుంది, బాగుంది’ అంటే పనిచేయదు.

నాలుగవది, మన ఒంటి సంగతి. పరీక్ష ముందు గుండె దడదడలాడుతుంది, చేతులు చెమటలు పడతాయి. దీనిని ‘నాకేమీ రాదు’ అనడానికి గుర్తుగా తీసుకుంటే నమ్మకం తగ్గుతుంది. ఒళ్లు పనికి సిద్ధమవుతోంది అనుకుంటే తగ్గదు.

ఈ నాలుగింటినీ ఇంకొకసారి చూడండి. రెండవది, మూడవది పూర్తిగా ఇతరుల నుంచి వచ్చేవే. మొదటిదానిలోనూ పాము దగ్గర చెయ్యి పట్టి నడిపించినవాడు ఒకడున్నాడు. ‘నా మీద నాకు నమ్మకం’ అని మనం అంటాం. కాని ఆ నమ్మకం ఒంటరిగా కూర్చుంటే తయారయ్యేది కాదు.

నలభై రెండు పుటల లెక్కలు

స్వయంగా గెలిచినప్పుడే నమ్మకం వస్తుందంటే, అసలు గెలవలేనివారి మాటేమిటి? వారికి గెలుపును అందుబాటులోకి తేవడం ఎలా?

1981లో బండూరా, ఆయన శిష్యుడు డేల్ షంక్ కలిసి ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. తీసివేతలు సరిగా రాని, లెక్కలంటే ఆసక్తి లేని చిన్నపిల్లలను తీసుకున్నారు. 42 పుటల లెక్కలు ఇచ్చారు. వాటిని చేయడానికి ఏడు రోజుల తరగతులు పెట్టారు. ఒక జట్టుతో ‘రోజుకు ఆరు పుటలు చేయండి’ అన్నారు. రెండవ జట్టుతో ‘ఏడవ తరగతి ముగిసేసరికి 42 పుటలూ చేయండి’ అన్నారు. మూడవ జట్టుకు ఏ గురీ చెప్పలేదు. ఇంకొక జట్టుకు శిక్షణే లేదు.

జాగ్రత్తగా చూస్తే మొదటి రెండు జట్ల పనీ ఒకటే. ఏడు ఆరులు నలభై రెండు. అయినా ఫలితం ఒకటి కాలేదు. రోజుకు ఆరు పుటల గురి పెట్టుకున్న పిల్లలు లెక్కలు బాగా నేర్చుకున్నారు, నమ్మకం పెంచుకున్నారు. అంతేకాదు, ఎవరూ చెప్పకపోయినా తమంత తామే లెక్కలు చేయడానికి ఇష్టపడ్డారు. ఆసక్తి ముందుండి పని తరువాత వస్తుందని మనం అనుకుంటాం. ఇక్కడ పని కొంచెం చేతనయ్యాక ఆసక్తి వెనుక నుంచి వచ్చింది.

ఈ రహస్యం మన రైతుకూలీలకు ఎప్పటినుంచో తెలుసు. నాట్లు వేసేవారు మడి మొత్తం చూసి బెంగపడరు. తమ ముందున్న మునుం చూసుకుంటారు. అది అయ్యాక ఇంకొక మునుం. సాయంత్రానికి మడి పచ్చబడుతుంది.

మునుం పట్టడంలో ఇంకో విశేషం ఉంది. అది ఒక్కరు చేసే పని కాదు. పదిమంది వరుసగా నిలబడి, మాట్లాడుకుంటూ, పాడుకుంటూ ముందుకు సాగుతారు. ఒకరు వెనుకబడితే పక్కనున్నవారు నాలుగు మొక్కలు వేసి వరుస కలుపుతారు. ఈ రెండవ విశేషాన్ని ఒక లెక్కల పంతులు తన పరిశోధనలో చూశాడు.

గది తలుపు వేసుకుని చదివినవారు

1970ల నడిమి కాలంలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్మన్ అనే యువకుడు ఒక విషయం గమనించాడు. మొదటి సంవత్సరం కలనగణితంలో నల్లజాతి విద్యార్థులు చాలామంది వెనుకబడుతున్నారు. చైనా సంతతి విద్యార్థులు బాగా రాణిస్తున్నారు. కారణం ఏమిటని అక్కడి అధ్యాపకులను అడిగాడు. పట్టుదల తక్కువ, పునాది తక్కువ, ఇంట్లో ప్రోత్సాహం తక్కువ అని చెప్పారు.

ట్రైస్మన్ ఆ మాటలు నమ్మి ఊరుకోలేదు. రెండు వర్గాల నుంచి ఇరవై మంది చొప్పున ఎంచుకుని, నెలల తరబడి వారితో తిరిగి, వారు చదివే తీరు చూశాడు. అధ్యాపకులు చెప్పిన కారణాలు నిలబడలేదు. నల్లజాతి విద్యార్థులు తమ బడుల్లో ముందు వరుసలో నిలిచినవారే. వారి తల్లిదండ్రులు చదువు కోసం ఎంతో పాటుపడినవారే. ఆ విద్యార్థులు రోజూ శ్రద్ధగానే చదివేవారు. కాని గది తలుపు వేసుకుని ఒంటరిగా చదివేవారు. చదువు వేరు, స్నేహం వేరు అనుకునేవారు. చైనా సంతతి విద్యార్థులు మాత్రం ముందు ఎవరికివారు లెక్కలు చేసుకుని, తరువాత ఒకచోట చేరి జవాబులు సరిచూసుకునేవారు. భోజనం అక్కడే, వాదన అక్కడే. ఒక లెక్క ఎవరికీ రాకపోతే, అది నిజంగానే కష్టమైన లెక్క అని అందరికీ తెలిసిపోయేది.

ఈ చివరి మాట ముఖ్యమైనది. ఒంటరిగా చదివినవాడికి లెక్క రాకపోతే ‘నాకు తెలివి లేదు’ అనుకుంటాడు. గుంపులో చదివినవాడు ‘ఈ లెక్క గట్టిది’ అనుకుంటాడు. తగిలిన దెబ్బ ఒకటే. ఒకడు తన నమ్మకం పోగొట్టుకున్నాడు, ఇంకొకడు పోగొట్టుకోలేదు.

ట్రైస్మన్ తరువాత ఏం చేశాడు? వెనుకబడినవారికని తేలిక లెక్కల తరగతి పెట్టలేదు. మామూలు తరగతిలో కంటే కష్టమైన లెక్కలు ఇచ్చి, నలుగురైదుగురిని కలిపి కూర్చోబెట్టాడు. వారి మార్కులు బాగా పెరిగాయి. ఈ పద్ధతిని తరువాత ఎన్నో కళాశాలలు తీసుకున్నాయి.

తోడు ఎన్ని రకాలు?

‘తోడు’ అనగానే మనకు ఓదార్పు గుర్తుకొస్తుంది. శాస్త్రజ్ఞులు దానిని నాలుగు రకాలుగా విడదీశారు. దగ్గరకు తీసుకుని మాట్లాడటం ఒకటి. డబ్బు, పుస్తకం, బస, బస్సు కిరాయి వంటి చేతి సాయం రెండు. ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, ఏ పుస్తకం చదవాలి అన్న సమాచారం మూడు. నీ పని ఎక్కడ బాగుంది, ఎక్కడ బాగులేదు అని నిజం చెప్పడం నాలుగు. ఒక రకం కావలసినచోట ఇంకొక రకం ఇస్తే సరిపోదు. ఫీజు కట్టలేనివాడికి ‘ధైర్యంగా ఉండు’ అన్న మాట ఆకలి తీర్చదు.

మన ప్రాంతపు చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడారు. నిజాం కాలపు అధికారులు దానిని నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేశారు. హనుమకొండ కళాశాల విద్యార్థులు కూడా అందులో చేరారు. వందలాది మందిని చదువుల నుంచి తొలగించారు. వారికి నమ్మకం లేకపోలేదు, పట్టుదల లేకపోలేదు. లేనిదల్లా చదువుకోవడానికి ఒక చోటు. అప్పుడు నాగపూర్ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్స్‌లర్ కేదార్ ముందుకు వచ్చి, తమ దగ్గర చేర్చుకున్నారు. అలా నాగపూర్ వెళ్లి చదివినవారిలో వరంగల్ జిల్లా పిల్లవాడు ఒకడున్నాడు. అతడే పి.వి. నరసింహారావు. 1991లో భారత ప్రధానమంత్రి అయ్యారు. ఆ ఒక్క సీటు దొరకకపోతే ఎంతమంది చదువు అక్కడితో ఆగిపోయేదో ఆలోచించండి.

రెండుసార్లు తప్పిన విద్యార్థి

నమ్మకం, తోడు రెండూ ఒకే జీవితంలో ఎలా పెనవేసుకుంటాయో చూడాలంటే యల్లాప్రగడ సుబ్బారావు కథ చూడాలి. ఆయన 1895లో భీమవరంలో పుట్టాడు. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి వెంకమ్మ వెనక్కు తెప్పించి మళ్లీ బడికి పంపింది. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడవసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కాడు.

మద్రాసు వైద్య కళాశాలలో చేరడానికి స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సాయపడ్డారు. తరువాత ఆయన కుమార్తెనే సుబ్బారావు పెళ్లాడాడు. గాంధీజీ పిలుపు విని శస్త్రచికిత్స తరగతిలో కూడా ఖద్దరు ధరించాడు. ఒక ఆచార్యునికి అది నచ్చలేదు. రాత పరీక్షల్లో బాగా చేసినా ఎం.బి.బి.ఎస్. డిగ్రీ కాకుండా అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది.

1922లో అమెరికాలోని బోస్టన్ చేరాడు. ప్రయాణానికి, చదువుకు మామగారు, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ధనసాయం చేశారు. అక్కడ చేతిలో డబ్బు లేదు. డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ అనే ఆచార్యుడు ఆదుకున్నాడు. ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల పడకల దగ్గర మలమూత్రాల పాత్రలు కడిగే పనికి కుదిరాడు. పగలు చదువు, రాత్రి ఆ పని. తరువాత సైరస్ ఫిస్క్ అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో చేరాడు. 1925లో వారిద్దరూ రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. దానికి వారి ఇద్దరి పేర్లే ఉన్నాయి. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని గుర్తించినట్లు ప్రకటించారు. మీ జీవశాస్త్రం పుస్తకంలో కణానికి శక్తినిచ్చే పదార్థంగా చదివే ఎ.టి.పి. అదే. 1930లో డాక్టరేటు వచ్చింది. 1940లో లెడర్లీ సంస్థలో చేరాక ఆయన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశాయి. బోదకాలు వ్యాధిలో వాడే డి.ఇ.సి., కాన్సర్‌లో వాడే మెథోట్రెక్సేట్ ఆ ప్రయోగశాలల నుంచే వచ్చాయి. 1948లో ఆయన మరణించాడు. బోస్టన్‌కు ఓడ ఎక్కిన తరువాత స్వదేశానికి తిరిగి రాలేకపోయాడు.

ఇప్పుడు బండూరా చెప్పిన మెట్లతో ఈ కథను పోల్చండి. రెండుసార్లు తప్పి మూడవసారి గెలవడం, ఒక పరీక్ష తప్పితే బతుకు తప్పినట్లు కాదని ఆయన స్వయంగా చేసి తెలుసుకున్న పాఠం. తల్లి పట్టుదల, స్నేహితుల డబ్బు, మామగారి అండ, స్ట్రాంగ్ ఆదరణ, ఫిస్క్ ప్రయోగశాల. వీటిలో ఏ ఒక్కటి తప్పినా కథ మధ్యలో ఆగేది. సుబ్బారావు పట్టుదల లేకపోతే ఇవన్నీ ఉండి కూడా ప్రయోజనం లేకపోయేది.

ఏది ఎంత?

ఒక మనిషి కథతో శాస్త్రం తృప్తిపడదు. చాలామందిని చూడాలి. 2004లో కొందరు అమెరికా పరిశోధకులు కళాశాల విద్యార్థుల మీద జరిగిన 109 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. అక్కడ తేలినది ఆసక్తికరమైనది. చదువును ఎదుర్కోగలనన్న నమ్మకానికి మార్కులతో గట్టి సంబంధం కనిపించింది. ఇతరుల తోడుకు మార్కులతో ఉన్న సంబంధం స్వల్పమే. కాని విద్యార్థి మధ్యలో మానేయకుండా కళాశాలలో కొనసాగడంతో చూస్తే తోడుకు సంబంధం అంతకంటే స్పష్టంగా ఉంది. తోడు మనల్ని తరగతి గదిలో నిలబెడుతుంది, నమ్మకం అక్కడ పని చేయిస్తుంది అని దీనిని అర్థం చేసుకోవచ్చు.

2011లో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు ఇంకో ప్రయోగం ఫలితం ప్రకటించారు. 92 మంది మొదటి సంవత్సరం విద్యార్థులు అందులో పాల్గొన్నారు. కొందరికి పైతరగతివారి అనుభవాలు చదవనిచ్చారు. ‘మొదట్లో మేమూ ఇక్కడివాళ్లం కామనుకున్నాం, కొన్నాళ్లకు ఆ భావం పోయింది’ అన్నది వాటి సారాంశం. ఇదంతా ఒక గంట పని. తరువాత మూడేళ్లలో వారిలోని నల్లజాతి విద్యార్థుల మార్కులు చెప్పుకోదగినంత పెరిగాయి.

ఒక గంటతో ఇంత మార్పా అని చాలామంది ఆశ్చర్యపోయారు. అందుకే 2023లో దీనిని 22 విద్యాసంస్థలలో, దాదాపు 27,000 మంది విద్యార్థులతో పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. ఈ ప్రయోగం అన్నిచోట్లా పనిచేయలేదు. నీకూ ఇక్కడ చోటుందన్న మాటకు తగ్గట్టుగా, నిజంగానే కలుపుకునిపోయే వాతావరణం ఉన్నచోటనే పనిచేసింది. మిరప విత్తనం ఎంత మేలైనదైనా నేలలో పదును లేకపోతే మొలకెత్తదు. నమ్మకమూ అంతే.

కొన్ని జాగ్రత్తలు

నమ్మకం వల్ల మార్కులు వస్తాయన్నది సగం నిజం. మార్కులు వచ్చినందువల్ల కూడా నమ్మకం పెరుగుతుంది. రెండూ ఒకదానినొకటి తోస్తాయి. అందువల్ల ‘నమ్మకం పెంచుకో’ అని గోడ మీద రాస్తే చాలదు. మొదటి ఆరు పుటలు చేయించాలి.

సాధన లేని నమ్మకం ప్రమాదం. లెక్క చేయకుండానే ‘నాకు వచ్చు’ అనుకునేవాడు పుస్తకం తెరవడు. తోడు కూడా ఒక్కోసారి చెరుపు చేస్తుంది. మన లెక్క వారే చేసిపెడితే మనకు గెలుపు దక్కదు. పక్కింటివారితో పోల్చి దెప్పడం తోడు కాదు.

ఇంకొకటి మరిచిపోకూడదు. చదువు ఆగిపోయిన ప్రతి విద్యార్థికీ నమ్మకం తక్కువని తీర్మానించడం అన్యాయం. స్కాలర్‌షిప్ సకాలంలో రాకపోవడం, ఇంట్లో జబ్బు, పంట పోవడం, ఆడపిల్లకు తొందరపడి పెళ్లి చేయడం మనసులో పుట్టే కారణాలు కావు. వాటికి మందు పెద్దలు, ప్రభుత్వాలు వేయాలి.

ఫలితాలు వచ్చిన రోజున ఎవరైనా మిత్రుడు మాటలు మానేసి ఒంటరిగా కూర్చుంటే పక్కన కూర్చోండి. ఇంట్లోవారికో ఉపాధ్యాయునికో వెంటనే చెప్పండి. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే ‘టెలి మానస్’ ఉంది. దాని నంబరు 14416. ఇది ఉచితం.

మీరూ చేసి చూడండి

పై ప్రయోగాలు ఎక్కువగా అమెరికాలో జరిగాయి. మీ తరగతిలో ఏమవుతుందో మీరే చూడవచ్చు. కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను.

వర్గ సమీకరణాల అధ్యాయం నుంచి తేలిక నుంచి కష్టం వరకు పది లెక్కలు ఎంచుకోండి. చేయకముందే ఒక్కొక్క లెక్క పక్కన ‘ఇది నేను చేయగలను’ అన్న నమ్మకానికి సున్నా నుంచి 100 లోపు అంకె వేయండి. తరువాత చేయండి. సరిగా వచ్చినదానికి ఒక గుర్తు, రానిదానికి ఒక గుర్తు పెట్టండి. నమ్మకం ఎక్కువగా ఉండి తప్పినవి ఎన్ని? తక్కువగా ఉండి కూడా వచ్చినవి ఎన్ని? రెండవ రకం చాలామందికి కనిపించి ఆశ్చర్యం కలిగిస్తుంది.

రెండు వారాలు ఒంటరిగా చదవండి. తరువాతి రెండు వారాలు ముందు ఒంటరిగా చేసి, ఆ పైన నలుగురు కలిసి సరిచూసుకోండి. వారానికొకసారి నమ్మకం అంకెల సగటు కట్టి గ్రాఫు గీయండి. గీత పెరిగితే అది తోడు వల్లనా, నాలుగు వారాల సాధన వల్లనా అన్న ప్రశ్న వస్తుంది. దానిని తేల్చడానికి ప్రయోగాన్ని ఎలా మార్చాలో మీ విజ్ఞానశాస్త్రం ఉపాధ్యాయునితో చర్చించండి. అదే అసలైన శాస్త్ర పద్ధతి.

ఇక కురవి నుంచి వెళ్లిన మన విద్యార్థిని సంగతి. మరునాడు ఆమె ధైర్యం చేసి పక్క బెంచీ అమ్మాయిని, “నిన్న చెప్పింది నీకు అర్థమైందా అక్కా?” అని అడిగిందనుకుందాం. “నాకూ కాలేదు. నువ్వు అడుగుతవేమోనని చూసిన” అని ఆ అమ్మాయి అన్నదనుకుందాం. సాయంత్రం గ్రంథాలయంలో ఇద్దరూ కూర్చుంటారు. మూడో రోజుకు నలుగురవుతారు. ఒక కాగితం మీద ఎడమవైపు ‘ద్రవ్యవేగం’, కుడివైపు ‘మొమెంటమ్’ అని రాసుకుంటారు. రోజుకు పది మాటలు. దసరా నాటికి ఆ కాగితాలు చిన్న నిఘంటువు అవుతాయి.

అప్పటికీ ‘నాతోని అయితదా?’ అన్న ప్రశ్న పూర్తిగా పోదు. పోనక్కరలేదు కూడా. దానిని కొంచెం మార్చి అడుగుకుంటే చాలు: ‘ఇందుల ఇయ్యాల నాతోని ఎంత అయితది? మిగిలింది ఎవరితోని కలిసి చెయ్యాలె?’